మూడు ఆదివారాలుగా రాని అమ్ములుకు

జాలహళ్లి, బెంగళూరు,
ఆదివారం రాత్రి

అమ్ములూ,

ఇవాళ కూడా నువ్వు రాలేదు. మీ అమ్మ మధ్యాహ్నం మూడింటి దాకా గుత్తొంకాయ గిన్నె మీద మూత తీయనివ్వలేదు, చివరికి ఇద్దరం చల్లారిన కూరే తిన్నాం. వరుసగా మూడు ఆదివారాలు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అని మెసేజ్ పెడతావు, ఆదివారం పూట మీటింగ్ ఏమిటని నేను అడగలేదు. ఎలాగూ ఫోన్లో రెండు నిమిషాలకు మించి మాట్లాడవు కనక ఉత్తరమే రాస్తున్నాను, ఆఫీసు బస్సులో తీరిగ్గా చదువుకో.

ఇక్కడ అంతా మామూలే. ట్యాంకు వాల్వు మార్పించాను. చలి గట్టిగానే ఉంది, పొద్దున్న వాకింగ్‌కి మంకీ క్యాప్ లేకుండా వెళ్లడం లేదు. బుజ్జి మామయ్య మోకాలికి ఆపరేషన్ అక్కర్లేదన్నారట. చిన్నమ్మమ్మ గొలుసు సంగతి ఇంకా తేలలేదు, నువ్వు ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తకు.

పద్మత్త ఫోన్ చేసింది. మాటల్లో నీ సంగతి వచ్చింది. వాళ్లబ్బాయితో పనిచేసే కుర్రాడెవరో మీ బిల్డింగ్‌లోనే ఉంటాడట. నువ్వూ, నీతో ఇల్లు పంచుకుంటున్న ఆ నేహా పెద్ద గొడవ పడ్డారనీ, నువ్వు బాల్కనీలో ఆ అమ్మాయి సిగరెట్ పీకలు ఉన్న కప్పు ఫోటో తీసి బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో పెట్టావనీ, కింద ఏదో కటువుగా రాశావనీ, ఆ అమ్మాయి రెండు రోజులు గది తలుపు తీయలేదనీ చెప్పింది. నువ్వు ఆ ఇంట్లో ఉండటం లేదనీ, ఎవరో ఫ్రెండ్ దగ్గర పడుకుంటున్నావనీ కూడా అంది. ఇందులో ఎంత నిజమో నాకు తెలియదు. పద్మత్త చెప్పేదాంట్లో సగం తీసేయాలని నీకూ తెలుసు. కానీ మిగిలే సగం కూడా నన్ను రాత్రి పడుకోనివ్వలేదు.

అత్త ఇంకో మాట కూడా అంది, "ఆడపిల్ల సిగరెట్లు తాగడమేంటన్నయ్యా, అలాంటిదాంతో మన పిల్ల ఎందుకుంది" అని. ఆ మాట నాకు నచ్చలేదు, అప్పుడే చెప్పాను. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, ఆ నిప్పుతోనే రోజంతా పొలంలో పనిచేసేది. మా వైపు ఊళ్లలో ఎంతమంది ఆడవాళ్లు తాగేవారో అత్తకు మాత్రం తెలియదా? దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని విశాఖ డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు, అది వేరే సంగతి. నువ్వు ఫోటో కింద రాసినదాంట్లో ఆ ఆడపిల్ల అనే మాట ఎక్కడైనా ఉంటే మాత్రం ముందు అది తీసెయ్యి తల్లీ. పొగ మగవాడు వదిలినా ఆడది వదిలినా పొగే. నువ్వు అభ్యంతరం చెప్పాల్సింది ఆ పొగకే.

నీ ఆస్తమా ఇన్‌హేలర్ సంగతి ఏం చేశావు? ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం రంగుది కాదు, రోజూ వాడాల్సింది. వెనక చిన్న అంకెలు ఉంటాయి చూడు, అవి సున్నాకి వచ్చాక నొక్కినా సుయ్‌మంటుంది, అందులో మందు ఉండదు, మనకేమో పీల్చినట్టే ఉంటుంది. కిందటిసారి అలాగే పదిరోజులు వాడావు. పీల్చాక నోరు పుక్కిలించు. నీలంది వారంలో రెండుసార్లకు మించి వాడాల్సి వస్తోందంటే నాకు చెప్పు, దాచకు. ఆ ఇంట్లో పొగ వల్ల ఎక్కువగా వాడుతున్నావా అన్నదే నాకు ముందు తెలియాలి, మిగతా గొడవంతా ఆ తర్వాత.

నువ్వు పెట్టిన అభ్యంతరం న్యాయమైనదే. అది ముందే చెబుతున్నాను, నాన్న ఆ అమ్మాయి వైపు మాట్లాడుతున్నాడనుకోకు. సిగరెట్ తాగేవాళ్లు "నేను బాల్కనీలోనే తాగుతున్నా కదా" అంటారు, నేనూ అనేవాణ్ణి. మన నోట్లోంచి వచ్చే పొగ కంటే వేళ్ల మధ్య ఊరికే కాలుతూ ఉండే కొసనుంచి వచ్చేదే ఎక్కువ, దానికి ఫిల్టరూ ఉండదు. బాల్కనీ తలుపు సందులోంచి, బాత్రూం వెనక డక్ట్‌లోంచి అది ఎలాగైనా లోపలికి వస్తుంది. ఫ్యాన్ వేసినా, కిటికీలు తెరిచినా, ఆ పొగ మనిషికి తగలకుండా పూర్తిగా ఆపలేమని అమెరికా ప్రభుత్వ డాక్టర్లు 2006లోనే రిపోర్టు రాశారు. అగరుబత్తి వెలిగిస్తే ఇంకో పొగ కలుస్తుంది, అంతే. జపాన్‌లో 91,540 మంది సిగరెట్ తాగని ఇల్లాళ్లను 14 ఏళ్లు గమనిస్తే, భర్త బాగా తాగేవాడైన చోట భార్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా కనిపించిందని 1981లో హిరయామా అనే డాక్టర్ రాశాడు. నేను అది చదివింది రిటైరయ్యాక. చదివి వంటింట్లో ఉన్న మీ అమ్మ వైపు చూశాను. పెళ్లయ్యాక ఎనిమిదేళ్లు ఆవిడ నా పక్కనే పీల్చింది, ఒక్కసారి కూడా వద్దనలేదు, కిటికీ మాత్రం తీసేది. ఆ కిటికీ ఎందుకు తీస్తోందో నేను ఆలోచించనే లేదు.

ఇప్పుడు నీకు క్వార్టర్స్‌లో కింది ఇంటి అజ్జి సంగతి చెప్పాలి, అజ్జి అంటే కన్నడంలో అవ్వ. నీకు ఆవిడ కొద్దిగానే గుర్తుండి ఉంటుంది, నీకు నాలుగేళ్లప్పుడు కొబ్బరి మిఠాయి పెట్టేది, నువ్వు ఆవిడ తులసికోట చుట్టూ తిరిగేదానివి. మనం రెండో అంతస్తు, వాళ్లు మన కింద. 1999లో నువ్వు పుట్టిన ఏడాదే ఆ క్వార్టర్ వచ్చింది. పసిపిల్ల ఉందని నేను గదిలో తాగడం మానేసి బాల్కనీలోకి వెళ్లాను, అదేదో గొప్ప త్యాగమని అనుకున్నాను కూడా. సెకండ్ షిఫ్టు నుంచి వచ్చాక రాత్రి పదకొండున్నరకి ఒకటి, పొద్దున్న కాఫీతో ఒకటి, మధ్యలో లెక్కే లేదు. బూడిద రెయిలింగ్ బయటికి దులిపేవాణ్ణి. కింద ఏముందో ఎప్పుడూ చూడలేదు.

2003 డిసెంబర్‌లో నీకు మొదటిసారి ఆయాసం వచ్చింది. తలుపులన్నీ మూసుకుని పడుకునే చలి. రాత్రి రెండింటికి నీ పక్కటెముకలు లోపలికి పోతూ కనిపించాయి, స్కూటర్ మీద మీ అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాం, నెబ్యులైజర్ పెట్టారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఇంట్లో ఎవరైనా తాగుతారా అంది. బాల్కనీలో మాత్రమే అన్నాను. ఆవిడ నా స్వెటర్ చెయ్యి పట్టుకుని వాసన చూసి, "ఇది కూడా బాల్కనీలోనే వదిలి వస్తారా?" అంది. నేను ఏమీ అనలేదు. నువ్వు నా భుజం మీద తల పెట్టుకోకుండా మీ అమ్మ వైపు తిరిగిపోయేదానివి, అది అలక అనుకునేవాణ్ణి. ఆ రాత్రి తెలిసింది ఎందుకో.

అది జరిగిన వారానికి అజ్జి పైకి వచ్చింది. చేతిలో ఇత్తడి గిన్నెలో మిరియాల కషాయం, నీకోసం. కూర్చుని నీ ఒంటి సంగతి అడిగి, కాసేపు ధరల గురించి మాట్లాడి, వెళ్లబోతూ గుమ్మం దగ్గర నిలబడి కన్నడంలో మెల్లగా అంది, మా ఆయనకి కూడా ఉబ్బసమేనండీ, మీ పొగ కిటికీలోంచి వస్తోంది, మీరు కష్టపడి వచ్చి తాగుతారు, వద్దనడానికి నాకు నోరు రాలేదు, కింద హొంగె చెట్టు దగ్గర కుర్చీ ఒకటి వేయించాను, అక్కడ కూర్చుని తాగండి, మట్టి మూకుడు కూడా పెట్టాను బూడిదకి, అని. మన కానుగ చెట్టే, వాళ్లు హొంగె అంటారు. నేను కిందికి వెళ్లి చూశాను. నిజంగానే ఇనుప మడత కుర్చీ, పక్కన ఇటుక మీద మూకుడు. ఆవిడ కొడుకు అప్పుడు నాతో చెప్పాడు, ఆ నాలుగేళ్లూ వాళ్ల నాన్న మంచం వీధివైపు గదిలోంచి తీసి వెనక వంటింటి పక్కకు మార్చారని. ఆయనకి రోడ్డు చూస్తూ కూర్చోవడం ఇష్టమట. నాలుగేళ్లు ఆయన రోడ్డు చూడలేదు, కారణం నేను, ఆ సంగతి నాకు తెలియదు.

మొదటి రోజే చెప్పి ఉంటే మొదటి రోజే దిగి వెళ్లేవాణ్ణి. ఇది నేను గొప్పకి చెప్పడం లేదు, నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను, వెళ్లేవాణ్ణే. కొద్దిగా ముఖం మాడ్చుకునేవాణ్ణేమో. తాగేవాడికి తన పొగ వాసన తెలియదమ్మా, ముక్కు మొద్దుబారిపోతుంది, కొన్నాళ్లకి ఇల్లంతా అదే వాసన అయినా ఇల్లు వాసనే అనిపిస్తుంది. ఎదుటివాళ్లు దగ్గితే జలుబేమో అనుకుంటాడు. అలాగని తప్పు లేదని కాదు, అడిగి తెలుసుకోవాల్సింది వెలిగించేవాడే. "ఇక్కడ వెలిగిస్తే మీకు ఇబ్బందా" అని నేను నా జన్మలో ఎవర్నీ అడగలేదు. ఊళ్లో మాకు నేర్పిన మర్యాద ఏమిటంటే పెద్దాయన ఎదురైతే చుట్ట వెనక్కి దాచుకోవడం. ఆ దాచినవాడే ఇంటికొచ్చి ఉయ్యాల పక్కన కూర్చుని వెలిగించేవాడు. ఆ మర్యాద వయసుకే తప్ప ఊపిరికి కాదు.

నువ్వు ఆ ఇంట్లో చేరింది ఏప్రిల్‌లో. ఇప్పుడు డిసెంబర్. ఈ ఎనిమిది నెలల్లో ఆ అమ్మాయికి ఒక్కసారైనా కూర్చోబెట్టి చెప్పావా, "నాకు ఆస్తమా ఉంది, నీ పొగ నా గదిలోకి వస్తోంది" అని? ఈ రెండు ముక్కలు. లేకపోతే తలుపు గట్టిగా వేయడం, రూమ్ ఫ్రెష్‌నర్ ఆ అమ్మాయి ముందే కొట్టడం, దగ్గడం, ఇలాంటివి చేసి చెప్పాననుకున్నావా? నాకు తెలుసు నువ్వు ఎలా చేస్తావో, మీ అమ్మ కిటికీ తీసినట్టే. అలా మింగి మింగి ఒకరోజు నూటయాభై మంది ఉన్న గ్రూపులో ఫోటో పెడితే, ఆ అమ్మాయికి ముందు తెలిసేది అవమానం. అవమానం జరిగాక ఎవరూ పొగ గురించి ఆలోచించరు. వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ చూశారే అన్నదే ఆలోచిస్తారు. పద్మత్త దాకా వచ్చిందంటే నువ్వే చూడు.

చట్టం సంగతి కూడా నువ్వు చూసే ఉంటావు, నువ్వు ఊరుకునే రకం కాదు. 2001లో సుప్రీంకోర్టు ఆస్పత్రుల్లో, స్కూళ్లలో, ఆఫీసుల్లో, బస్సుల్లో, రైళ్లలో వద్దంది, 2003లో చట్టం చేశారు, 2008 అక్టోబర్ 2 నుంచి హోటళ్లు, ఆఫీసులు అన్నిటికీ గట్టి రూల్స్ వచ్చాయి, జరిమానా 200 దాకా. మన కర్ణాటకలో 2025లో అది 1,000 చేశారు, 21 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదన్నారు. ఇవన్నీ బయటికి. ఇద్దరు అద్దె పంచుకుని ఉండే ఇంటి గదిలోకి ఆ చట్టం రాదు, పోలీసు వచ్చి నీ బాల్కనీ తలుపు వేయడు. అక్కడ మీ ఇద్దరి మాటే చట్టం. రైల్వే చట్టంలో ఒక సెక్షన్ ఉంది, 167, నాకు మా యూనియన్ ఆయన చూపించాడు ఎప్పుడో. పెట్టెలో తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెబితే తాగకూడదు, తాగితే 100 రూపాయల దాకా జరిమానా. అప్పట్లో విశాఖ నుంచి మద్రాసు దాకా స్లీపర్‌లో ఎంతమంది తాగేవారో, ఎవరూ నోరు విప్పి అభ్యంతరం చెప్పేవారు కాదు, చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగేవారు. నేనూ ఆ పెట్టెలోనే వెలిగించేవాణ్ణి.

కనక చెప్పు. ఎలా చెప్పాలో తాగినవాడిగా నాకు తెలిసింది రాస్తున్నాను. పొద్దున్న లేవగానే చెప్పకు. నికోటిన్ ఒంట్లో రెండు గంటలకే సగమవుతుంది, రాత్రంతా తాగకుండా లేచిన మనిషికి అప్పుడు ఏం చెప్పినా చిరాకే. చేతిలో కాలుతున్న సిగరెట్ ఉన్నప్పుడు అసలే చెప్పకు, ఆర్పమన్నట్టు వినిపిస్తుంది. సాయంత్రం టీ తాగాక, ఇద్దరూ కూర్చుని ఉన్నప్పుడు చెప్పు. నీ ఊపిరి గురించి మాట్లాడు, ఆ అమ్మాయి ఊపిరితిత్తుల గురించి కాదు. మానెయ్యమని అనకు. అది అడిగే హక్కు నీకు లేదు, అడిగినా పని జరగదు, మీ తాతయ్య నాకు పదేళ్లు చెప్పారు. ఏం వద్దో చెప్పి ఆపకు, ఎక్కడ తాగొచ్చో కూడా చెప్పు. మీ టెర్రస్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది? నీళ్ల ట్యాంకు అవతల వైపు కూర్చోవడానికి వీలవుతుందా? బాల్కనీ వంటింటి వైపుదా, నీ గది వైపుదా? నేను ఒక్కసారే వచ్చాను, గుర్తులేదు. నీ గది వైపుదైతే ఆ బాల్కనీ నువ్వు తీసుకుని బట్టలు ఆరేసుకో. వర్షం పడే రోజు ఏం చేయాలో కూడా అప్పుడే మాట్లాడుకోండి, గొడవలు వచ్చేది ఆ రోజే. ఫ్రెండ్స్ వచ్చినప్పుడు కూడా.

ఫోటో తీసేశావా? తీసెయ్యి. గ్రూపులో పెట్టినందుకు సారీ చెప్పు, పొగ గురించి అడిగినందుకు కాదు. ఈ రెండూ కలిపేయకు. సారీ చెబితే నువ్వు అడిగింది తప్పని ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని నీకు భయం ఉంటుంది, చిన్నప్పటి నుంచీ ఉంది.

ఒకవేళ చెప్పాక కూడా ఆ అమ్మాయి నీ గది పక్కనే తాగితే, అప్పుడు ఇల్లు మారు. నేను కాదనను, సామాను మోయడానికి నేనే వస్తాను. అగ్రిమెంట్‌లో లాక్ఇన్, అంటే ఖాళీ చేయకూడని గడువు, ఎన్ని నెలలో చూడు, పదకొండు నెలల అగ్రిమెంట్ అన్నావు కదా, ముందే ఖాళీ చేస్తే అడ్వాన్స్‌లో ఓనర్ ఎంత పట్టుకుంటాడో, పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె ఎలాగూ తీసుకుంటాడు. డబ్బు గురించి నువ్వు ఆలోచించకు. ఎక్కడ పడుకుంటున్నావో మాత్రం చెప్పు. ఫ్రెండ్ దగ్గర అయితే ఏ ఫ్రెండ్, దుప్పటి ఉందా, నీ మందుల సంచి నీతోనే ఉందా.

కుర్చీ సంగతి పూర్తి చేయలేదు. ఆ కానుగ చెట్టు కిందికి రెండు అంతస్తులు దిగి వెళ్లాలి, మళ్లీ ఎక్కాలి. రాత్రి పదకొండున్నరకి స్వెటర్ వేసుకుని దిగడం బద్ధకమనిపించేది. రోజుకి పెట్టెన్నర తాగేవాణ్ణి, జనవరి అయ్యేసరికి ఇంటి దగ్గర నాలుగుకి వచ్చింది. మే నెలలో సాయంత్రం వానలు మొదలయ్యాయి, గొడుగు పట్టుకుని నిలబడి తాగాను, అగ్గిపుల్ల వెలగక ఒకరోజు ఊరికే పైకి వచ్చేశాను. జూన్‌లో మానేశాను. రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాను, నీకు చెప్పలేదు, మూడోసారి నిలిచింది. అప్పుడు నాకు ఎవరూ సాయం చేయలేదు, ఇప్పుడు పెట్టె మీదే 1800-11-2356 నంబర్ వేస్తున్నారు, ఇక్కడి నిమ్హాన్స్ ఆస్పత్రిలో మానిపించే క్లినిక్ కూడా ఉంది. ఆ అమ్మాయి తనంతట తాను అడిగితే చెప్పు, లేకపోతే చెప్పకు. అజ్జి నాకు మానమని ఒక్క మాట కూడా అనలేదు.

వాళ్లాయన ఆ తర్వాత రెండేళ్లు బతికారు, మంచం మళ్లీ వీధి గదిలోకి వేశారు. నేను షిఫ్టుకి వెళుతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపేవారు. నా వల్లే ఆయన ఆరోగ్యం పాడయిందని ఎవరూ అనలేదు, నేను కూడా అలా తేల్చి చెప్పలేను. నీ ఆయాసం నా వల్లే వచ్చిందా అని కూడా డాక్టర్లను అడిగాను, ఒక్క కారణం అని చెప్పలేమన్నారు, పొగ ఉన్న ఇంట్లో పిల్లలకి ఎక్కువవుతుందన్నారు. నీకు నాలుగేళ్లప్పుడు నువ్వు నన్ను అడగలేకపోయావు. ఆ అమ్మాయి మీద అరిచినదాంట్లో నామీద అరవాల్సింది ఏమైనా ఉంటే, అది నా దగ్గరకి వచ్చి అరిచెయ్యి అమ్ములూ. నేను వింటాను. నేహా ఆ బాకీ తీర్చక్కర్లేదు.

వచ్చే ఆదివారం నేనే వస్తున్నాను. జాలహళ్లిలో మెట్రో ఎక్కి ఆర్.వి. రోడ్డులో ఎల్లో లైన్‌కి మారితే బొమ్మనహళ్లి స్టేషన్‌లో దిగొచ్చట, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌తో పని లేదు. గోంగూర రెండు సీసాలు మీ అమ్మ కడుతోంది, ఒకటి నీకు, ఒకటి ఆ అమ్మాయికి, నూనె కారకుండా కవర్లో పెడతాను. నువ్వు ఆ ఇంట్లో లేకపోతే ఎక్కడికి రావాలో శనివారం రాత్రికల్లా చెప్పు. ఇన్‌హేలర్ వెనక అంకె ఎంత ఉందో ఇప్పుడే చూసి మెసేజ్ పెట్టు, నేను మేలుకునే ఉంటాను.

నాన్న